మార్తమ్మ బండికి ఛార్జింగ్ ఎందుకు ఎక్కలేదంటే

మా షాపు ముందు ఆగే ప్రతి బండీ బ్యాటరీని తిట్టుకుంటూనే ఆగేది. "బ్యాటరీ పోయింది మేస్త్రీ, కొత్తది ఏసెయ్" అని బండి దిగకముందే హుకుం. పాపం బ్యాటరీ! డబ్బాలో ఉప్పు లేకపోతే డబ్బాను తిట్టినట్టుంటుంది ఇది. బ్యాటరీ కరెంటును దాచుకునే డబ్బా మాత్రమే. అందులోకి కరెంటు పోసేది వేరే ఉంది. ఇంజిను పక్కన బెల్టుతో తిరుగుతూ, దుమ్ము తింటూ, ఎవరి కంటా పడకుండా పనిచేసే ఆ ఇనుప ముద్దను చదువుకున్నవాళ్ల పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు. మా అనంతపురం వైపు ఇప్పటికీ డైనమో అనే అంటాం. నేనూ అట్లాగే రాస్తాను. పేరు మారినంత మాత్రాన పని మారదు.

నా పేరు ఓబులేసు. బుక్కరాయసముద్రం రోడ్డు మీద ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపాను. ఇప్పుడు నడుము వంగనంటోంది. షాపు వేరేవాళ్లకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "ఏమన్నా చెప్పన్నా" అని అడుగుతుంటారు. నోటితో చెప్పబోతే మధ్యలో నాకు కోపం వస్తుంది, చెప్పాల్సింది పోయి తిట్లు వస్తాయి. అందుకని రాస్తున్నాను. షాపు ఎప్పుడు తెరిచాను, ఎవరు రిబ్బను కత్తిరించారు వంటివి మీకు అక్కర్లేదు. పనికొచ్చే సంగతులు కొన్నే. వాటిలో మార్తమ్మ అనే ఆవిడ బండి సంగతే ముఖ్యం. అది చెప్పే ముందు రెండు ముక్కలు.

తిప్పేస్వామి మేస్త్రీ

నేను పని నేర్చుకున్నది రాయదుర్గంలో, తిప్పేస్వామి మేస్త్రీ దగ్గర. బస్సులు, లారీలు, జీన్స్ ప్యాంట్ల మూటలు మోసే టెంపోలు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. మనిషి నిప్పు. పొద్దున షాపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఎవరో ఒకరిని తిడుతూనే ఉండాలి. తిట్టడానికి మనిషి దొరక్కపోతే పానాలను తిట్టేవాడు. తిట్టి నేర్పితేనే పని వస్తుందని మా తరంవాళ్లు చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. ఆయన తిట్లకు భయపడి తెలియనిదాన్ని తెలిసినట్టు నటించడం నేర్చుకున్నాం, అంతే. అది వదిలించుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కానీ ఒక మంచి అలవాటు ఆయనకుండేది. బండి తెచ్చిన మనిషి చెప్పేదంతా అయ్యేదాకా బానెట్టు ముట్టేవాడు కాదు. అవతలివాడు వాళ్ల మామ సంగతి, పెళ్లికి పోయిన సంగతి అన్నీ చెబుతున్నా వినేవాడు. "బండికి నోరు లేదప్పా. వానికి ఉండాది కదా, చెప్పనీ" అనేవాడు. నన్ను తిట్టినవన్నీ మరిచిపోయాను, ఇది మాత్రం మరిచిపోలేదు.

డైనమో బాగుందో లేదో చూడటానికి మేస్త్రీ ఒక పద్ధతి పాటించేవాడు. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడబీకడం. ఇంజిను ఆగకపోతే డైనమో బాగున్నట్టు, ఆగితే పోయినట్టు. ఆయన కాలపు బండ్లకు అది చెల్లింది. ఇప్పటి కార్లలో మాత్రం ఆ పని చేశారో, డైనమోలోని డయోడ్లతో పాటు కంప్యూటరు కూడా కాలి కూర్చుంటుంది. ఇప్పటికీ కొందరు పెద్ద మేస్త్రీలు గడ్డం నిమురుకుంటూ అదే చేస్తారు. వాళ్ల ముందు మీరు మాట్లాడలేకపోతే కనీసం మీ చేత్తో ఆ పని చేయకండి. ఒక మీటరు కొనుక్కోండి. ఇంజిను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ పన్నెండున్నర వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిను నడుస్తుంటే పద్నాలుగు చుట్టుపక్కలకు ఎక్కాలి. ఎక్కకపోతే ముందు బెల్టు చూడండి, తర్వాత వైర్లు, తర్వాత ఎర్తింగు. డైనమో విప్పడం చివరి పని. మనవాళ్లు దాంతోనే మొదలుపెడతారు.

కొబ్బరి నీళ్లు

మన ఊళ్లలో డైనమోకు శత్రువులు ఇద్దరు. ఒకటి దుమ్ము. వాన పడని నేలలో అది సంవత్సరమంతా లేస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. రెండోది ఆయుధపూజ.

నవ్వకండి. ఆయుధపూజ అయిన వారంలోనే నా షాపుకు ఛార్జింగ్ లేని బండ్లు వరస కట్టేవి. మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక ఏడాది పండగ రోజు లారీల స్టాండు దగ్గర నిలబడి చూశాను. బానెట్టు ఎత్తుతారు, ఇంజినంతా కడుగుతారు, పసుపు కుంకుమ పూస్తారు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు భక్తిగా ఇంజిను మీదనే పోస్తారు. ఆ తీపి నీళ్లు డైనమో లోపలికి దిగి, దాని మీద మన దుమ్ము కూర్చుని జిగురవుతుంది. లోపల కార్బన్ ముక్కలు రెండుంటాయి. అవి స్ప్రింగుతో ముందుకు జరుగుతూ తిరిగే రింగును తాకుతూ ఉండాలి. జిగురు పట్టాక అవి గూట్లోనే ఇరుక్కుంటాయి. గుంతలో బండి ఎగిరితే కదులుతాయి, మళ్లీ ఇరుక్కుంటాయి. అలాంటి డైనమోను పారేసి కొత్తది అమ్మినవాళ్లను చూశాను. విప్పి, తుడిచి, కార్బన్లు మారిస్తే చాలు. పూజ మానమని నేను చెప్పను, నా షాపులోనూ చేసేవాణ్ణి. కాయ చక్రం దగ్గర కొట్టండి, దేవుడు చక్రాన్ని కూడా చూస్తాడు.

మార్తమ్మ

ఒక మధ్యాహ్నం పాత డీజిలు బండి ఒకటి, ఏడు సీట్లది, షాపు ముందు వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర ఒక ఆవిడ. నలభై దాటి ఉంటాయి. వెనక సీట్లో ఒక ముసలమ్మ తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంది. ముందు సీట్లో ఒక మనిషి చేతికి కట్టుతో, తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఇంజిను ఆపమ్మా, చూద్దాం" అన్నాను.

"ఆపను. ఆపితే ఇంగ లేయదు. ఇట్లనే చూడన్నా."

బానెట్టు ఎత్తాను. చేతి అలవాటు, మా ఊరి మేస్త్రీలందరి అలవాటు, యాక్సిలేటర్ తీగ పట్టుకుని ఇంజిను గట్టిగా రెండుసార్లు రేస్ చేశాను. మీటరు పెట్టాను. పద్నాలుగు దాటింది. బ్యాటరీ చూస్తే దాదాపు కొత్తది. డైనమో బేరింగు కాస్త గరగరలాడుతోంది గానీ పని చేస్తోంది.

"బండి బాగుందమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను కోపంగా చూడలేదు. నీరసంగా చూసింది. "అందురూ ఇదే చెప్తాండారన్నా. ఒకాయన బ్యాటరీ మార్చినాడు. ఇంగొకాయన ఈ డైనమో ఏసినాడు. అంతా అయినాక బాగుండాది పో అంటారు. బాగుండే బండి ఆస్పత్రి కాడ ఎందుకు నిలబడతాది? ఇంటికాడ ఎప్పుడూ నిలబడదు. ఆడనే, ఎప్పుడు చూసినా ఆడనే."

నేను బానెట్టు దించేశాను. తిప్పేస్వామి మేస్త్రీలాగా స్టూలు వేసుకుని కూర్చుని, చెప్పమన్నాను.

ఆవిడ పేరు మార్తమ్మ. ముందు సీట్లో మనిషి ఆమె భర్త ఏసురత్నం. బండి ఆయనదే, ఊళ్లో వాళ్లను పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు తిప్పుతూ బతికేవాడు. కిడ్నీలు దెబ్బతిన్నాక డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు పల్లె నుంచి అనంతపురం రావాలి. స్టీరింగు పట్టుకునే శక్తి పోయింది. అప్పుడు ఆయన పక్కన కూర్చుని భార్యకు బండి నేర్పాడు. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి ఇంకో ఇద్దరు అదే పనికి వస్తుంటే వాళ్లనూ ఎక్కించుకుంది. ఒకరు వెనక పడుకున్న ఆదెమ్మవ్వ. రెండో ఆయన బట్టల కొట్టు రంగయ్య శెట్టి. ముగ్గురూ కలిస్తేనే బండికి డీజిలు గిట్టుబాటయ్యేది.

"శెట్టి పోయిన నెల దిగిపోయినాడు. ఎండలో గంటసేపు ఆస్పత్రి ముందర కూసుండబెట్టినా ఆయన్ని, బండి లేయక. నేనేమి చెప్పేది? అవ్వ కొడుకు గూడా వేరే బండి చూస్తాండాడు. వాళ్లు దిగిపోతే నా మొగుణ్ణి ఒక్కణ్ణి ఏసుకోని తిప్పే శక్తి నాకు లేదు. బస్సులో తెద్దామంటే, మిషను మీదనుంచి లేసినాక ఆయన నిలబడుకోలేడు. ఇంగొక్కసారి నిలబడితే అయిపోయిందన్నా ఈ బండి."

అయిపోయేది బండి కాదని మా ఇద్దరికీ తెలుసు. ఏసురత్నం కళ్లు మూసుకునే ఉన్నాడు, కానీ నిద్రపోలేదు. ఇట్లాంటప్పుడు మా వాళ్లు ధైర్యం చెప్పడానికి ఇంకో కొత్త సామాను వేసి పంపిస్తారు. అది ధైర్యం కాదు, తప్పించుకోవడం.

ఆగిన బండిని ఎవరు నడిపిస్తున్నారని అడిగాను. ఆస్పత్రి ముందు ఆటోవాళ్లు తోస్తారట. లేచాక "మళ్లా ఆగిపోతాది" అని వాళ్లే బాగా రేస్ చేసి ఇస్తారట. ఆ తర్వాత ఇంటిదాకా ఏ బాధా ఉండదు, మర్నాడు కూడా తాళం తిప్పితే లేస్తుంది. మళ్లీ ఆస్పత్రికి వస్తే ఆగుతుంది.

"ఈసారి మీరు వచ్చేటప్పుడు నన్నూ ఎక్కించుకోమ్మా" అన్నాను. "నువ్వు రోజూ ఎట్ల వస్తావో అట్లనే రా. నా కోసం ఏమీ మార్చొద్దు."

వెనక సీట్లో నుంచి చూస్తే

పిల్లలూ, ఈ వృత్తిలో నాకు తెలిసిన మంచి పాఠం ఇదే. బండిని షాపులో చూసినంత మాత్రాన చూసినట్టు కాదు. అది రోజూ పోయే దారిలో, రోజూ నడిపే మనిషి నడుపుతుండగా చూడాలి.

వాళ్లు తెల్లవారకముందే ఇంట్లో బయలుదేరి, నా షాపు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు వస్తోంది. హెడ్‌లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, లోపల ఫ్యాను తిరుగుతోంది. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి మీటరు చేతిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. శెట్టి కూర్చునే చోటు అది.

మీటరు చూసి మొదట నా కళ్లను నమ్మలేదు. ఇంజిను నడుస్తోంది, పద్నాలుగు ఉండాల్సిన చోట పన్నెండు కూడా లేదు. చూస్తుండగానే ఇంకాస్త దిగుతోంది. అంటే డైనమో ఊరికే తిరుగుతోంది, పని చేయడం లేదు. నా షాపులో పద్నాలుగు చూపించిన డైనమో అదే.

మార్తమ్మ బండి నడపడం చూశాను. గర్భిణిని తీసుకుపోతున్నట్టు నడుపుతోంది. గుంత కనిపిస్తే చాలు, ఏసురత్నం "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు. మిషను మీద నుంచి లేచినవాళ్లకు కుదుపు తగిలితే కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది. తిరుగు ప్రయాణం కోసం అలవాటు చేసుకున్న ఆ నెమ్మది వచ్చేటప్పుడు కూడా ఉంటోంది. యాక్సిలేటర్ మీద ఆమె కాలు మోపుతోంది, తొక్కడం లేదు. ఇంజిను ఎక్కడా గొంతు పెంచలేదు.

ఆస్పత్రి ముందు ఆమె ఇంజిను ఆపింది. వాళ్లు దిగుతుండగా, "మార్తమ్మా, స్టార్టు చెయ్యొద్దు, ఒట్టి తాళం మాత్రం తిప్పు" అన్నాను. తిప్పింది. మీటరు బోర్డులో ఆయిలు దీపం వెలిగింది. దాని పక్కన బ్యాటరీ బొమ్మ ఉండే ఎర్ర దీపం వెలగలేదు.

ఇంతమంది మేస్త్రీలం చూశాం. ఎవరి షాపుకైనా బండి నడుస్తూనే వచ్చింది, ఆపితే లేవదని. సామాను మార్చినవాళ్లు కూడా తాళం తిప్పినప్పుడు ఆ దీపం వైపు చూడలేదు. అందరం ముందు రేస్ చేశాం, తర్వాత మీటరు పెట్టాం.

"ఈ లైటు ఎప్పట్నుంచి రాలేదు?" అని అడిగాను.

లోపలికి నడుస్తున్న ఏసురత్నం ఆగాడు. "అదా? నేనే పీకేసినాన్నా."

"నువ్వా? ఎందుకప్పా?"

ఆయన ఆదెమ్మవ్వ వైపు చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "అవ్వకు మిషను మీద ఒకసారి ప్రాణం మీదికొచ్చింది. మిషను మీద ఎర్ర లైటు ఎలిగి, కుయ్యి కుయ్యిమని, నర్సులంతా ఉరికొచ్చినారు. అప్పట్నుంచి ఎర్ర లైటంటే వణుకు. బండెక్కి నేను తాళం తిప్పమంటే ఈ లైటు చూసి 'ఏమో అయ్యింది నాయనా, నేను రాను' అని దిగిపోయేది. మిషనుకు పోకుంటే ఏమైతాది? అందుకే బల్బు పీకేసినా. లైటే కదా అనుకున్యా."

లైటే కదా అని ఎవరైనా అనుకుంటారు. డ్రైవర్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇది. డైనమో తనంతట తాను కరెంటు పుట్టించలేదు. మొదట బ్యాటరీ నుంచి కాస్త కరెంటు దానికి అందాలి. పొలంలో మోటారు పంపుకు ముందు నాలుగు బిందెలు నీళ్లు పోస్తే గానీ నీళ్లు లాగదు చూడండి, అట్లాగే. పాత బండ్లలో ఆ కాస్త కరెంటు పోయే దారి ఆ ఎర్ర దీపం గుండానే. బల్బు పీకితే దారి తెగిపోయింది. ఇంజినును గట్టిగా రేస్ చేస్తే మాత్రం, డైనమోలో మిగిలి ఉన్న కాస్త అయస్కాంతం సాయంతో అది ఎట్లాగో లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఇంజిను ఆపేదాకా పని చేస్తూనే ఉంటుంది. ఆటోవాళ్లు రేస్ చేస్తే లేచేది. మేం రేస్ చేస్తే లేచేది. మార్తమ్మ నడిపితే లేచేది కాదు. జబ్బుమనుషుల కోసం నెమ్మదిగా నడిపింది గనుకనే ఆమె బండి ఆగుతూ వచ్చింది.

ఇది చెప్పినప్పుడు ఏసురత్నం ముఖం మాడిపోయింది. "నా చేతులతో నేనే..." అన్నాడు.

"నువ్వు ముసలమ్మ ప్రాణం చూసినావు. దీంట్లో సిగ్గేముండాది? లైట్లు చూడాల్సింది మేము. లోపలికి పో, నీ పడక ఖాళీగా ఉండాది" అని పంపించాను.

చిన్న బల్బు అది. తెచ్చి బిగించి, ఇంజిను స్టార్టు చేసి, రేస్ చేయకుండానే మీటరు పెట్టాను. పద్నాలుగు దగ్గర నిలబడింది. మార్తమ్మ మీటరు వైపు చూసి, నా వైపు చూసి, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. ఆపమని నేను అనలేదు. నాకూ కళ్లు చెమర్చాయి, ఆస్పత్రి ముందు ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో అడిగేవాళ్లు ఉండరు.

ఇంకొక పని మిగిలింది. ఆదెమ్మవ్వ. ఆమె బయటికి వచ్చాక పక్కన కూర్చుని చెప్పాను. "అవ్వా, ఈ లైటు నీ మిషను లైటు మాదిరి కాదు. తాళం తిప్పితే రావాల, ఇంజిను లేస్తానే పోవాల. వచ్చి పోయిందంటే బండి బాగుండాదని."

"రాకుంటే?"

"మార్తమ్మకు చెప్పు."

"నడిచేటప్పుడు వస్తే?"

"అప్పుడు గట్టిగా అరువు."

అవ్వ ముందుకు వంగి మీటరు బోర్డు వైపు చూసింది. "మిషను లైటు కంటే ఇదే మేలు నాయనా. ఇది పోతాది" అంది. మార్తమ్మ తాళం తిప్పింది. "వచ్చె" అంది అవ్వ. ఇంజిను లేచింది. "పోయె" అంది. ఆ రోజు నుంచి బండిలో ఆ కొలువు ఆమెదే.

మార్చాల్సి వచ్చినప్పుడు

బండి ఆగడం ఆగింది. అవ్వ కొడుకు వేరే బండి చూడటం మానేశాడు. శెట్టి మాత్రం అప్పటికి తిరిగి రాలేదు. ఎండలో కూర్చున్న మనిషికి మాటతో నమ్మకం రాదు. ఆయన వాటా డీజిలు డబ్బుల లోటును మిగిలిన రెండు ఇళ్లవాళ్లూ ఎట్లాగో సర్దుకున్నారు, అది ఎన్నాళ్లు సాగుతుందో మార్తమ్మకే తెలియలేదు.

ఆ బండిలో ఎవరో వేసిన డైనమో కొత్తది కాదు, పాతదానికి లోపల తీగ మళ్లీ చుట్టించి రంగు పూసినది. బేరింగు గరగర నాకు మొదటిరోజే వినిపించింది. "ఇది ఎక్కువ కాలం రాదమ్మా, తొందర లేదు గానీ మార్చాల్సిందే" అని చెప్పి, మంచిది ఒకటి తెప్పించి షాపులో ఉంచాను.

ఒక ఉదయం ఫోను. బండి చప్పుడులో మార్తమ్మ గొంతు. "అన్నా, లైటొచ్చింది! నడుస్తాండంగనే వచ్చింది. అవ్వ అరిచింది, పక్కకు ఆపినా. ఇంజిను ఆపలే."

"ఆపొద్దు. ఫ్యాను ఆపు, తెల్లారింది కదా, హెడ్‌లైట్లూ ఆపు. బ్యాటరీ నిండుగా ఉండాది, డీజిలు ఇంజిను కాబట్టి ఆస్పత్రిదాకా పోతాది. నేరుగా పో, నేనొస్తాండా."

తెప్పించి ఉంచిన డైనమో తీసుకుని నేను పోయేసరికి వాళ్లు లోపల మిషన్ల మీద ఉన్నారు. బండి చెట్టు నీడకు కూడా చేరలేదు, ఎండలోనే ఉంది. వాళ్లు బయటికి వచ్చేలోపు పని అయిపోవాలి. వాళ్లను మళ్లీ ఎండలో కూర్చోబెట్టే ప్రసక్తే లేదని మార్తమ్మ అనలేదు, ఆమె నిలబడిన తీరే చెప్పింది.

ముందు నిర్ధారించుకున్నాం. మీటరు పెడితే ఛార్జింగ్ లేదు, వైర్లు బాగున్నాయి, బెల్టు బాగుంది, డైనమో చేత్తో తిప్పితే అరుస్తోంది. ఇక దాన్ని దించాల్సిందే. ఇంజిను ఆపి, మొదట బ్యాటరీ నెగటివ్ తీశాం. ఇది మరిస్తే పానా తగిలి మెరుపులు వస్తాయి. ఏ వైరు ఎక్కడ ఉందో మార్తమ్మ సెల్‌ఫోనులో ఫోటో తీసింది. బెల్టు సడలించి తీశాం. పై బోల్టు సులువుగా వచ్చింది. కింది పొడవాటి బోల్టు తుప్పు పట్టి కదలలేదు.

బోల్టు కదలనప్పుడే మేస్త్రీ స్వభావం బయటపడుతుంది. వయసులో ఉన్నప్పుడైతే సుత్తి ఎత్తి మోదేవాణ్ణి. బోల్టు విరిగితే ఆ రోజుకు ఆ బండి అక్కడే. డీజిలు పోసి నాననిచ్చాను. మార్తమ్మ ఆస్పత్రి తలుపు వైపు చూస్తోంది, నా వైపు చూడటం లేదు. కాసేపాగి, పానాకు పైపు తొడిగి ఇద్దరం పట్టి కొంచెం బిగించాం, తర్వాత కొంచెం వదిలించాం. కొంచెం బిగింపు, కొంచెం వదిలింపు. చివరికి కిర్రుమని కదిలింది. నేను విన్న మంచి చప్పుళ్లలో అది ఒకటి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పుల్లీ, బోల్టులు దూరే చెవులు సరిపోల్చి ఎక్కించాం. అది కూర్చునే చోట తుప్పు గీకి ఎర్తు శుభ్రం చేశాం. బెల్టు బిగించేటప్పుడు కమ్మీతో డైనమోను వెనక్కి ఎత్తి పట్టాలి. మార్తమ్మ పట్టింది, నేను బోల్టు బిగించాను. "బొటనవేలితో నొక్కి చూడు. కొంచెం దిగాల, మరీ దిగకూడదు" అంటే నొక్కి, "ఇంగ కొంచెం బిగించన్నా" అంది. ఆమె చెప్పిందే సరైంది.

వాళ్లు బయటికి వస్తుండగా చేతులు తుడుచుకున్నాను. ఏసురత్నం చేయి పట్టుకుని నర్సు నడిపిస్తోంది, వెనక ఆదెమ్మవ్వ. అవ్వ ఎక్కి కూర్చుని ముందుకు వంగి చూసింది. మార్తమ్మ తాళం తిప్పింది.

"వచ్చె... పోయె. బాగుండాది నాయనా" అంది నాతో.

ఆ వెనకనే రంగయ్య శెట్టి వచ్చాడు. అదే సమయానికి ఆయనదీ అయిపోయిందేమో, కొడుకు తెచ్చే బండి కోసం నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు కాబోలు. గట్టి మనిషి, ఏ మాటైనా మొహం మీదే అనేవాడని విన్నాను. కట్టు కట్టిన చేయి గుండెకు ఆనించుకుని నెమ్మదిగా బండి దగ్గరికి వచ్చాడు.

"ఏమి మార్తమ్మా, నా సీటు ఎవురికన్నా ఇచ్చినావా?"

"లేదు శెట్టన్నా."

"ఎందుకియ్యలా? అడిగినోళ్లు లేరా?"

"అడిగినారు. మొన్న గూడా ఒకాయన అడిగినాడు." ఆమె దిగి, వెనక సీటు కింద నుంచి ఒక చిన్న దిండు లాగింది. గలీబు ఉతికి ఉంది. "మీరు నడుముకు పెట్టుకునేది. ఇది ఈడ ఉండంగ ఇంగొకరిని ఎట్ల కూసుండబెట్టేది? మీరు వస్తారనుకున్యా."

శెట్టి దిండు వైపు చూశాడు. తర్వాత జేబులో నుంచి ఫోను తీసి, కొడుకుతో "బండి తేవద్దులేరా, మార్తమ్మ బండిలో వస్తాండా" అన్నాడు. మార్తమ్మ దిండు సీటులో నిలబెట్టి ఆయన చేయి పట్టుకుంది. ఆయన ఎక్కి, సర్దుకుని, కళ్లు మూసుకునేదాకా ఆగి తలుపు వేసింది.